టవరు శిఖరానికి విద్యుత్తు

ఉద్దేశ్యం

శాస్త్ర విషయాన్ని తెలుగులో చదివి, అర్థం చేసుకొని, తిరిగి తమ మాటలలో చెప్పగల నేర్పును విద్యార్థులకు కలిగించడం ఈ పాఠం ఉద్దేశ్యం. భౌతికశాస్త్రంలో చదువుకొన్న ఓమ్ నియమం మన ఊరి చివర నిలిచిన సెల్ టవరులో ఎలా పనిచేస్తున్నదో, వరద వచ్చిన రాత్రి ఒక ఫోను మోగడానికీ మోగకపోవడానికీ అది ఎలా కారణమవుతున్నదో ఇందులో తెలుసుకొంటారు.

పాఠ్యభాగం

2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్తగా ఏర్పడిన జిల్లాలలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఉన్నాయి. జనగామ జిల్లాలోని పెంబర్తి గ్రామం ఇత్తడి రేకుల మీద చెక్కే శిల్పానికి ప్రసిద్ధమైనది. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగముల మిశ్రమం. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం పేరు చెప్పగానే ఇనుప ఖనిజం గుర్తుకు వస్తుంది. భూపాలపల్లి నేల కింద సింగరేణి బొగ్గు ఉన్నది. ఆ జిల్లాలోనే, చెల్పూరు వద్ద, 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం బొగ్గును మండించి విద్యుత్తును పుట్టిస్తున్నది. రాగి, ఇనుము, విద్యుత్తు - ఈ మూడింటి కలయికతో నిలబడిన వస్తువొకటి ఈ జిల్లాలలో ఏ మూలకు వెళ్ళినా కనిపిస్తుంది. అదే సెల్ టవరు. దానికి వాడిన ఇనుము బయ్యారానిది కాదు, రాగి పెంబర్తిది అంతకన్నా కాదు. అయినా పోలిక కుదిరింది కనుక చెప్పుకొన్నాం.

టవరును చూసినప్పుడు మన చూపు ఇనుప చట్రం మీదనే నిలుస్తుంది. కొంచెం నిదానించి చూస్తే, శిఖరాగ్రాన పొడవాటి తెల్లని పలకలు, వాటి వెనుక చిన్న పెట్టెల వంటివి కనిపిస్తాయి. పలకలు యాంటెన్నాలు. పెట్టెలు రేడియో యూనిట్లు. అక్కడి నుండి లావుపాటి నల్లని తీగలు కొన్ని చట్రాన్ని పట్టుకొని నేలకు దిగుతాయి. ఈ పాఠం ఆ నల్లని తీగను గురించినది. దానిని గురించి ఎవరూ మాట్లాడరు. అది తన పని సరిగా చేసినన్నాళ్ళు మాట్లాడవలసిన అవసరమూ రాదు.

అవసరం వచ్చే రోజులు కొన్ని ఉన్నాయి. 2023 జులై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామాన్ని ముంచెత్తింది. నిద్రలో ఉన్నవారు లేచి ఇళ్ళ పైకప్పులు ఎక్కారు. పడవలు, హెలికాప్టర్లు వచ్చి వారిని కాపాడవలసి వచ్చింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. మరుసటి సంవత్సరం, 2024 సెప్టెంబరు 1న, మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల నడుమ రైలుకట్ట కింది మట్టీ కంకరా వరదకు కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఆకేరు వాగు పురుషోత్తమాయగూడెం వద్ద వంతెన మీదుగా పారింది. ఇటువంటి రాత్రి పైకప్పు మీద నిలబడిన మనిషి చేతిలో ఉండేది సెల్‌ఫోను ఒక్కటే. అది పనిచేయడానికి ఆ మనిషి ఫోనులో బ్యాటరీ ఉంటే చాలదు. ఊరి చివరి టవరులో కూడా ఉండాలి. ఉన్నా, ఆ విద్యుత్తు శిఖరం దాకా చేరాలి. చేరడమన్నది ఎందుకు కష్టమవుతుందో చూద్దాం.

టవరు పాదం వద్ద

టవరు అడుగున కంచె వేసిన చిన్న స్థలంలో ఒకటి రెండు ఇనుప బీరువాలు, ఒక్కొక్కచోట ఒక డీజిల్ జనరేటరు ఉంటాయి. విద్యుత్ శాఖ స్తంభం నుండి వచ్చేది మన ఇంటికి వచ్చే ఏకాంతర విద్యుత్తే, అంటే ఏసీ. బీరువాలోని రెక్టిఫయర్ అనే సాధనం దానిని ఏకముఖ విద్యుత్తుగా, అంటే డీసీగా మారుస్తుంది. ఆ డీసీ ఒకవైపు రేడియో పరికరాలను నడుపుతూ, మరొకవైపు బ్యాటరీలను నింపుతూ ఉంటుంది. కరెంటు పోయిన క్షణాన మీట నొక్కేవారు ఎవరూ ఉండరు. బ్యాటరీ ఎప్పుడూ అదే తీగకు కలిసి ఉంటుంది కనుక భారం దానంతట అదే బ్యాటరీ మీద పడుతుంది. పరికరానికి ఆ మార్పు తెలియను కూడా తెలియదు. డీసీని ఎంచుకోవడంలో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే.

పందొమ్మిదవ శతాబ్ది చివర ఎడిసన్ డీసీ పక్షాన, వెస్టింగ్‌హౌస్, టెస్లాలు ఏసీ పక్షాన నిలిచి పోరాడిన కథ మీరు వినే ఉంటారు. ఊళ్ళకూ ఇళ్ళకూ విద్యుత్తును మోసే పోటీలో ఏసీ గెలిచింది. టెలిఫోను మాత్రం ఆ గెలుపును పట్టించుకోలేదు. టెలిఫోన్ ఎక్స్చేంజీలు మొదటి నుండీ బ్యాటరీలతోనే నడిచాయి. నేటి సెల్ టవరు ఆ వంశానికి చెందినదే.

ఆ వంశం నుండి టవరుకు సంక్రమించిన సంఖ్య 48 వోల్టులు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఒక్కొక్క ఘటం 2 వోల్టులు ఇస్తుంది. అటువంటివి 24 వరుసగా కలిపితే 48. బ్యాటరీ నిండుగా ఉండి కరెంటు కూడా ఉన్నప్పుడు ఈ వోల్టేజి సుమారు 54 వద్ద నిలుస్తుంది. బ్యాటరీ ఖాళీ అయ్యేకొద్దీ 48కి, ఆ తరువాత ఇంకా కిందికి దిగుతుంది. 60 వోల్టులకు లోబడిన డీసీ మామూలు పరిస్థితులలో మనిషికి ప్రాణాంతకం కాదని భావిస్తారు. అందువలన టవరు మీద పనిచేసేవారికి ఈ సంఖ్య కొంత రక్షణ కూడా ఇస్తున్నది. అయితే బ్యాటరీ రెండు కొసలనూ ఇనుప పనిముట్టుతో పొరపాటున కలిపితే పుట్టే వేడికి పనిముట్టే కరిగిపోగలదు. వోల్టేజి తక్కువైనంత మాత్రాన అలక్ష్యం పనికిరాదు.

బీరువా మీద 48కి ముందు ఒక రుణచిహ్నం కనిపిస్తుంది. కొత్తగా చూసినవారు అచ్చుతప్పు అనుకొంటారు. నిజానికి ఇక్కడ బ్యాటరీ ధనధ్రువాన్ని భూమికి కలుపుతారు. పరికరాలకు వెళ్ళే తీగ భూమితో పోలిస్తే రుణ విద్యుత్తులో ఉంటుంది. ఇలా తలకిందులు చేయడానికి కారణం మీరు రసాయనశాస్త్రంలో చదివిన విద్యుద్విశ్లేషణలో ఉన్నది. తేమలో రెండు రాగి పలకలను ఉంచి విద్యుత్తును పంపితే ధనధ్రువానికి కలిపిన పలక కరిగిపోతుంది. రుణధ్రువానికి కలిపిన పలక నిలుస్తుంది. పాతకాలపు టెలిఫోన్ తీగలు తడినేలలో వందల కిలోమీటర్లు సాగేవి. తొడుగు చిట్లిన చోట తీగ ధన విద్యుత్తులో ఉంటే రాగి క్రమంగా మట్టిలో కలిసిపోయేది. తీగను రుణంగా ఉంచి వారు రాగిని కాపాడుకొన్నారు. ఆ అలవాటు నేటికీ టవరులో కొనసాగుతున్నది.

పరికరం పైకెక్కిన వేళ

తొలినాళ్ళలో రేడియో పరికరం కింద గదిలోనే ఉండేది. అది పుట్టించిన తరంగాలను మందపాటి కోయాక్సియల్ కేబుల్ ద్వారా శిఖరం మీది యాంటెన్నాకు పంపేవారు. ఆ ప్రయాణంలో నష్టం అంతాయింతా కాదు. 1800 మెగాహెర్ట్జ్ తరంగం 50 మీటర్ల కేబులు ఎక్కేసరికి దాదాపు సగం శక్తి వేడిగా మారి పోయేది. నిండు కుండను తలకెత్తుకొని గుట్ట ఎక్కి, పైకి చేరేసరికి సగం కుండతో మిగిలినట్లు ఉండేది.

ఈ నష్టాన్ని తప్పించడానికి ఇంజనీర్లు రేడియో భాగాన్నే విడదీసి యాంటెన్నా వెనుక బిగించారు. అదే మనం ఇందాక చూసిన పెట్టె. సమాచారాన్ని వెంట్రుకంత సన్నని గాజు తీగ, అంటే ఆప్టికల్ ఫైబర్, పైకి చేరవేస్తున్నది. గాజు తీగ వెలుతురును మోస్తుంది, విద్యుత్తును మోయలేదు. కనుక రాగి తీగ కూడా తోడు వెళ్ళక తప్పలేదు. తరంగాల నష్టం తీరింది. దాని స్థానంలో విద్యుత్తు నష్టం అన్న కొత్త చిక్కు వచ్చింది. కింద గదిలో పరికరం ఉన్నప్పుడు బ్యాటరీకీ దానికీ నడుమ దూరం నాలుగైదు మీటర్లు. ఇప్పుడది అరవై మీటర్లు.

చివరి ఆయకట్టు

కాలువ కింద సేద్యం చేసే రైతుకు ఈ చిక్కు విడమరచి చెప్పనక్కరలేదు. తూము దగ్గరి పొలానికి నీరు పుష్కలంగా పారుతుంది. చివరి ఆయకట్టుకు చేరేసరికి ధార సన్నబడుతుంది. విద్యుత్తు విషయంలో నిరోధం చేసే పని ఇటువంటిదే. తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది. మధ్యచ్ఛేద వైశాల్యం పెరిగితే తగ్గుతుంది. ప్రవాహాన్ని నిరోధంతో గుణిస్తే దారిలో పోయే వోల్టులు తెలుస్తాయి.

ఒక టవరును ఊహించి లెక్క వేద్దాం. ఎత్తు 40 మీటర్లు. బీరువా నుండి టవరు దాకా, పైన పెట్టె దాకా మలుపులతో కలిపి తీగ 60 మీటర్లు. విద్యుత్తు వెళ్ళడమే కాదు, తిరిగి రావాలి కూడా. కనుక మొత్తం దారి 120 మీటర్లు. విద్యార్థులు ఎక్కువగా పొరపడే చోటు ఇదే: వెళ్ళే తీగను లెక్కించి, వచ్చే తీగను మరచిపోతారు. ఒక చదరపు మిల్లీమీటరు వైశాల్యం గల రాగి తీగకు మీటరుకు 0.0172 ఓమ్ నిరోధం ఉంటుంది. మన తీగ 10 చదరపు మిల్లీమీటర్లది అనుకొందాం. 120ని 0.0172తో గుణించి 10తో భాగిస్తే 0.206 ఓమ్ వస్తుంది. ఓమ్‌లో అయిదవ వంతు. చూడడానికి ఏమీ లేనట్లే ఉన్నది.

పైనున్న రేడియో యూనిట్‌కు 900 వాట్ల సామర్థ్యం కావాలనుకొందాం. కరెంటు ఉన్నప్పుడు బీరువాలో 54 వోల్టులు ఉంటాయి. అప్పుడు తీగలో సుమారు 18 ఆంపియర్లు ప్రవహిస్తాయి. దారిలో 3.7 వోల్టులు పోయి, శిఖరానికి 50.3 చేరుతాయి. పరికరానికి ఏ బాధా లేదు. తీగ 66 వాట్లను వేడిగా పారబోస్తున్నది. ఆ ఖర్చు విద్యుత్ బిల్లులో కలిసిపోతుంది కాని ఎవరి ఫోనూ ఆగదు.

ఇప్పుడు వాన మొదలై, స్తంభాలు ఒరిగి, కరెంటు పోయింది. కొన్ని గంటలు గడిచాయి. బ్యాటరీ 44 వోల్టులకు దిగింది. వోల్టేజి తగ్గింది కనుక ప్రవాహం కూడా తగ్గుతుందని మనకు తోస్తుంది. మామూలు దీపపు బల్బు అయితే అలాగే జరిగేది. రేడియో యూనిట్ అలాంటిది కాదు. దానికి కావలసినవి 900 వాట్లు; వోల్టు తగ్గితే ఆ లోటును పూడ్చుకోవడానికి మరిన్ని ఆంపియర్లు లాగుతుంది. ఎక్కువ ఆంపియర్లు లాగితే దారిలో నష్టం పెరుగుతుంది. నష్టం పెరిగితే పైన వోల్టు ఇంకా తగ్గుతుంది. తగ్గినకొద్దీ అది ఇంకా లాగుతుంది. ఈ పెనుగులాట ఒకచోట స్థిరపడేసరికి ప్రవాహం సుమారు 23 ఆంపియర్లు, దారిలో నష్టం 4.7 వోల్టులు, శిఖరానికి చేరేది 39.3.

ఈ గుణం మన పల్లెలకు కొత్త కాదు. జనగామ వైపు బోరుబావుల మీద ఆధారపడిన సేద్యం ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, లైను చివర ఉన్న మోటారుకు లో వోల్టేజి వస్తే ఏమవుతుందో అక్కడి రైతుకు బాగా తెలుసు. మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, చివరకు చుట్ట కాలిపోతుంది. తక్కువ వోల్టేజిలో అంతే బరువును తిప్పవలసి వచ్చి ఎక్కువ ప్రవాహాన్ని లాగడమే దానికి కారణం. టవరు మీది పెట్టె అంతకన్నా తెలివైనది. కాలిపోవడానికి ముందే తనను తాను ఆపివేసుకొంటుంది.

ఆపుకొనే హద్దు ఎక్కడ? టెలికాం పరికరాలకు అందే డీసీ 40.5 నుండి 57 వోల్టుల నడుమ ఉండాలని ఐరోపా ప్రమాణం చెబుతున్నది. కొన్ని పరికరాలు మరొకటి రెండు వోల్టులు కిందికి కూడా తట్టుకొంటాయి. మన లెక్కలోని 39.3 ఆ ప్రమాణానికి దిగువన ఉన్నది. బీరువాలోని బ్యాటరీ సంగతి వేరు. ఘటానికి 1.8 వోల్టుల వంతున 24 ఘటాలకు 43.2 వోల్టులు వచ్చేదాకా దానిని వాడుకోవచ్చు. 44 వద్ద దానిలో ఇంకా కొంత శక్తి మిగిలి ఉన్నది. అయినా టవరు మూగబోయింది. బ్యాటరీ చచ్చిపోలేదు, పరికరం చెడిపోలేదు, రెండింటి నడుమ తీగ సన్నమై, ఉన్న విద్యుత్తు అందవలసిన చోటికి అందలేదు.

మరమ్మతుకు వచ్చిన మనిషి కింద బీరువా తెరిచి మీటరు పెడితే 44 కనిపిస్తుంది. బ్యాటరీ బాగానే ఉన్నదని రాసుకొని వెళ్ళిపోవచ్చు. అతడు అబద్ధం రాయలేదు. కింద కొలిచిన వోల్టు కింది సంగతినే చెబుతుంది. పైన కొలవాలంటే నడుముకు పట్టీ కట్టుకొని నలభై మీటర్లు ఎక్కాలి. వానలో, ఈదురుగాలిలో అది వీలుకాదు, ఎక్కమనడమూ న్యాయం కాదు. తెల్లవారి కరెంటు వచ్చేసరికి బీరువాలో మళ్ళీ 54, శిఖరాన మళ్ళీ 50. టవరు మామూలుగా పనిచేస్తూ ఉంటుంది. లోపం కరెంటుతోపాటే మాయమవుతుంది, మరొక వాన రాత్రి దాకా.

ఆరున్నర కిలోల రాగి

పరిష్కారం కష్టమైనది కాదు. అదే టవరుకు 10కి బదులు 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేశామనుకొందాం. నిరోధం 0.129 ఓమ్‌కు తగ్గుతుంది. బ్యాటరీ 44 వద్ద ఉన్నప్పుడు ప్రవాహం 22 ఆంపియర్ల లోపు, నష్టం 2.8 వోల్టులు, శిఖరానికి చేరేది 41.2. హద్దుకు పైనే ఉన్నది. పెట్టె ఆగదు. బ్యాటరీలో మిగిలిన చివరి భాగం కూడా ఊరికి ఉపయోగపడుతుంది.

దీనికి అదనంగా పట్టే రాగి ఎంత? లెక్క వేస్తే ఆరున్నర కిలోలకు కొంచెం తక్కువ. ఒక గ్రామం ఫోను మోగడం, మోగకపోవడం ఆరున్నర కిలోల రాగి మీద ఆధారపడగలదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అయితే ఒక్కొక్క టవరుకు మూడు దిక్కులకు మూడు పెట్టెలు కనీసం ఉంటాయి. తరంగాల రకాలు పెరిగితే, రెండు మూడు సంస్థలు ఒకే టవరును పంచుకొంటే, పెట్టెల సంఖ్య ఇంకా పెరుగుతుంది. రాగి ధర ఎక్కువ, బరువు ఎక్కువ. వేలాది టవర్లు నిలబెట్టే సంస్థకు టవరుకు ఇరవై కిలోలు చిన్న సంగతి కాదు. ఈ బేరంలో ఒక ఇబ్బంది ఉన్నది. తీగ సన్నగా వేసినందువలన మిగిలిన డబ్బు సంస్థ లెక్కలో వెంటనే కనిపిస్తుంది. నష్టం మాత్రం ఎప్పుడో ఒక రాత్రి, ఎక్కడో ఒక తండాలో, ఫోను కలవని మనిషికి జరుగుతుంది. రెండింటినీ ఒకే పుస్తకంలో రాసేవారు లేరు.

దొంగల బెడద మరొకటి. నిర్మానుష్యమైన చోట టవరు మీద రాగి తీగ ఉన్నదంటే దానికి కన్ను వేసేవారు ఉంటారు. బ్యాటరీలు, చివరకు పైనున్న రేడియో పెట్టెలు సైతం దేశంలో పలుచోట్ల దొంగతనానికి గురయ్యాయి. అందుకని కొందరు అల్యూమినియం తీగను ఎంచుకొంటారు. అది తేలిక, చవక, దొంగకు అంత ఆకర్షణ లేనిది. కాని దాని నిరోధం రాగికన్నా సుమారు ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది కనుక అంత మేరకు లావుగా వేయాలి. లావు తగ్గించి లోహం కూడా మారిస్తే చిక్కు రెండింతలవుతుంది.

తీగను మార్చకుండానే గట్టెక్కే ఉపాయం ఒకటి ఉన్నది. బ్యాటరీ 44కు దిగినా, కింద ఒక సాధనం దానిని 57 వోల్టులకు పెంచి తీగలోకి పంపుతుంది. అప్పుడు 900 వాట్లకు 17 ఆంపియర్లు చాలు. పాత సన్నని తీగలోనే శిఖరానికి 53కు పైగా చేరుతుంది. దూరానికి పంపేటప్పుడు వోల్టేజిని పెంచాలన్నది విద్యుత్ శాఖవారు లక్షల వోల్టుల లైన్లలో పాటించే సూత్రమే. ఇక్కడ అది చిన్నరూపంలో వచ్చింది. ఆ సాధనం కూడా తన వంతుగా కొంత విద్యుత్తును తింటుంది, అది చెడిపోయే అవకాశమూ ఉన్నది. అయినా ఇదివరకే నిలబెట్టిన టవర్లకు తీగలన్నీ దించి మార్చడంకన్నా ఇదే సులువు.

వదులైన మర, ఉరుము, ఎండ

తీగ లావు సరిగా ఉన్నా పని పూర్తికాదు. తీగ కొసకు తొడిగే లోహపు లగ్గు, దానిని బిగించే మర సరిగా ఉండాలి. టవరు గాలికి ఊగుతుంది. ఎండకు లోహం వ్యాకోచిస్తుంది, రాత్రి సంకోచిస్తుంది. సరిగా బిగించని మర కొన్నాళ్ళకు వదులవుతుంది. ఆ ఒక్కచోట 0.05 ఓమ్ నిరోధం చేరితే 20 ఆంపియర్ల ప్రవాహానికి ఒక వోల్టు అక్కడే పోతుంది. పోయిన శక్తి 20 వాట్లు. బొటనవేలంత చోట 20 వాట్లు అంటే తొడుగు నల్లబడి కాలేంత వేడి. లెక్కలన్నీ సరిగా వేసిన ఇంజనీరును ఒక వదులైన మర ఓడించగలదు.

వేసవి చివరి ఉరుములు, ఈదురుగాలులు మరొక పరీక్ష. చుట్టుపక్కల పొలాలలో అన్నిటికన్నా ఎత్తైనది టవరే కనుక పిడుగు దానిని వెదుక్కొంటూ వస్తుంది. చట్రం ద్వారా భూమిలోకి దిగే ఆ ప్రవాహంలో కొంత భాగం డీసీ తీగలో కూడా దూరడానికి ప్రయత్నిస్తుంది. అందువలన తీగ రెండు కొసల వద్ద సర్జ్ అరెస్టర్లు అమర్చి, తీగ పై లోహపు తొడుగును చట్రానికి కలిపి, భూమికి బలమైన ఎర్తింగ్ ఇస్తారు. నేల ఎండిపోయి ఎర్తింగ్ చుట్టూ తేమ లేకపోతే దాని నిరోధం పెరిగి రక్షణ సన్నగిల్లుతుంది.

భూపాలపల్లి బొగ్గుగనుల నేల మీద వేసవి తీవ్రతను గురించి వేరే చెప్పనక్కరలేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీల వద్ద ఎన్నేళ్ళు బతుకుతుందో, ఎప్పుడూ 35 డిగ్రీలలో ఉంచితే అందులో సగమే బతుకుతుందని ఇంజనీర్లు లెక్క కట్టుకొంటారు. ఇనుప బీరువాలో ఎండాకాలమంతా మగ్గిన బ్యాటరీ జులై వానల నాటికి పైకి నిండుగానే కనిపిస్తుంది. భారం పడగానే వోల్టేజి గబగబా దిగుతుంది. 44 వోల్టుల స్థితి పది గంటలకు రావలసింది మూడు గంటలకే వస్తుంది. అప్పుడు సన్నని తీగ చేసే నష్టం కూడా ముందే మొదలవుతుంది. లిథియం బ్యాటరీలు వేడిని కొంత మేలుగా తట్టుకొంటాయి, ఖాళీ అయ్యేదాకా వోల్టేజిని నిలుపుతాయి. అందువలన కొత్త టవర్లలో వాటి వాడకం పెరుగుతున్నది.

కరెంటు స్తంభమే లేని అడవి ప్రాంతాల సంగతి వేరు. నక్సలైట్ల ప్రభావం గల ప్రాంతాలలో 2,199 చోట్ల సెల్ టవర్లు నెలకొల్పడానికి కేంద్ర మంత్రివర్గం 2014లో ఆమోదం తెలిపింది. ఆ టవర్లను సౌరశక్తితో నడిచే, తక్కువ విద్యుత్తు తీసుకొనే పరికరాలతో కట్టారు. సౌరఫలకం పుట్టించేది డీసీ, బ్యాటరీ నిలువచేసేది డీసీ, రేడియో తీసుకొనేది డీసీ. నడుమ ఏసీ ప్రసక్తే లేదు. విద్యుత్తు చాలీచాలనిచోట ప్రతి వాట్‌కూ విలువ ఉంటుంది కనుక తీగలో పోయే 60 వాట్లను అక్కడ ఎవరూ తేలికగా తీసుకోలేరు. అడవిలో ఒక టవరు తరచుగా పక్క టవరుకు సందేశాన్ని అందించే గొలుసులో ఒక కొక్కెం కూడా. అది ఆగితే దాని వెనుకవన్నీ ఆగుతాయి. అందుకే బ్యాటరీ తగ్గుతున్నప్పుడు మొదట తక్కువ ముఖ్యమైన పెట్టెలను ఆపి, పక్క టవరుతో కలిపే పరికరాన్ని అన్నిటికన్నా చివరిదాకా నడిపే ఏర్పాటు బీరువాలోనే ఉంటుంది.

ఇతర దేశాలవారు దీనిని దాటిపోయారనుకోనక్కరలేదు. 2011 మార్చి 11న జపానులో భూకంపం, సునామీ వచ్చినప్పుడు సుమారు 29 వేల బేస్ స్టేషన్లు ఆగిపోయాయి. వాటిలో అధికభాగాన్ని అల కూల్చలేదు. దీర్ఘకాలం కరెంటు లేక, బ్యాటరీలు అడుగంటి అవి మౌనం వహించాయి. ఆ తరువాత అక్కడి సంస్థలు ముఖ్యమైన స్టేషన్లలో బ్యాటరీల పరిమాణాన్ని పెంచాయి. పెద్ద బ్యాటరీ కొన్నా, దాని చివరి వోల్టుల వద్ద తీగ అడ్డుపడితే ఆ ఖర్చులో కొంత వృథా అవుతుందన్నది మన లెక్కే చెబుతున్నది.

నేటి రేడియో యూనిట్లలో చాలావాటికి తమకు అందుతున్న వోల్టేజిని తామే కొలుచుకొని గాజు తీగ ద్వారా కిందికి తెలిపే శక్తి ఉన్నది. ఎవరూ టవరు ఎక్కనక్కరలేదు. మెరుగైన నిర్వహణ గలచోట వానాకాలానికి ముందు ఒకనాడు రెక్టిఫయరును కావాలని ఆపివేసి, టవరును బ్యాటరీ మీద నడిపి, కింది వోల్టునూ పై వోల్టునూ గంట గంటకూ పక్కపక్కన రాస్తారు. రెండు అంకెల నడుమ తేడా రెండు మూడు వోల్టుల లోపు ఉంటే తీగ సరిపోయినట్లే. అయిదుకు చేరువైతే లావు చాలలేదు, లేదా ఎక్కడో ఒక మర వదులైంది. ఏదైనది తేల్చడానికి మాత్రం ఎండ ఉన్న రోజున ఒక మనిషి పైకి ఎక్కవలసిందే.

అభ్యాసం

అ. ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. బ్యాటరీలో శక్తి మిగిలి ఉన్నా టవరు మూగబోవడానికి గల కారణాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. టవరు శిఖరానికి తగినంత విద్యుత్తును చేర్చడానికి గల ఉపాయాలను, వాటిలోని ఇబ్బందులను చర్చించండి.

ఆ. ఈ కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.

1. కింద కొలిచిన వోల్టు కింది సంగతినే చెబుతుంది.
2. రెండింటినీ ఒకే పుస్తకంలో రాసేవారు లేరు.
3. లెక్కలన్నీ సరిగా వేసిన ఇంజనీరును ఒక వదులైన మర ఓడించగలదు.

ఇ. ఈ కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.

1. టెలికాం డీసీలో ధనధ్రువాన్ని భూమికి ఎందుకు కలుపుతారు?
2. లైను చివరి మోటారుకూ టవరు మీది రేడియో యూనిట్‌కూ గల పోలిక ఏమిటి? భేదం ఏమిటి?
3. తీగ నష్టాన్ని లెక్కించేటప్పుడు విద్యార్థులు ఎక్కడ పొరపడతారు?

ఈ. ఈ కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.

శిఖరాగ్రం, ప్రాణాంతకం, సౌకర్యమిదే, నాలుగైదు